ఎవరి పిల్లలకో కొట్టిన మా ఊరి ఢోలు

ముందే చెప్తున్నాను, మధ్యలో నవ్వినవాళ్ళకి బజ్జీలు కట్. టీ ఒక్కటే.

ఆదివారం నుంచీ నేను గుమ్మం దాటి బయటికి వెళ్తే చాలు, కిరాణా కొట్టతను మొదలుకుని పాలాయన దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "సిస్టర్‌జీ, రాస్తా మాలూమ్ హై నా?" దారి తెలుసా అట! వీధి చివర కొత్తిమీర కట్టకి వెళ్తున్నా సరే, దారి తెలుసా అట! ఇన్నేళ్ళు నర్సుగా సంపాదించుకున్న పరువు మొత్తం ఒక్క పూటలో పొగమంచులో కలిసిపోయిందనుకోండి.

అసలేం జరిగిందో వినండి.

మేముండే ఊరు మీకు తెలుసుగా, బిలాస్‌గఢీ. గ్రేటర్ నోయిడా కాలేజీలూ ఫ్యాక్టరీలూ అన్నీ దాటేసి, బస్సులో ఇంకా ముందుకెళ్తే చెరుకు తోటల మధ్య వస్తుంది. ఒక బజారు, ఒక రైల్వే గేటు, ఒక స్కూలు. అయిపోయింది ఊరు. నా హాస్పిటల్‌కి దగ్గరని అక్కడ చేరాం. తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. మాది నరసాపురం అంటే "అచ్ఛా, సౌత్" అంటారు. అంతకుమించి వివరాలు వాళ్ళకి అక్కర్లేదు.

మా గ్రేస్ ఎనిమిదో క్లాసు. తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే. "అన్నం తిన్నావా?" అని నేనంటే "హా మమ్మీ, ఖా లియా" అంటుంది. ఆ స్కూలుకి కొత్తగా వచ్చిన పీటీ మేడమ్ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్ పెట్టింది. మాదాన్ని డిఫెన్స్‌లో వేసింది. ఇంట్లో నా మాటలకి అడ్డం పడ్డం దానికి బాగా అలవాటు కదా, సరిగ్గా కనిపెట్టింది ఆవిడ.

మొదట్లో ఊళ్ళో గొణుగుళ్ళు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని బంతి తన్నడమేంటని. అందరికంటే గట్టిగా గొణిగింది చౌధరీ అంకుల్. బజార్లో మిఠాయి కొట్టు ఆయనదే. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి, మీసాలు చూస్తేనే పిల్లలు పక్కకి తప్పుకుంటారు. ఒకరోజు వీళ్ళు తన్నిన బంతి వెళ్ళి ఆయన పాల కళాయిలో పడింది. ఆ బంతి పట్టుకుని, చొక్కా నిండా పాలతో, తిట్టడానికి గ్రౌండుకి వెళ్ళాడు. చీకటి పడేదాకా తిరిగి రాలేదు. ఆట చూస్తూ అక్కడే నిలబడిపోయాట్ట! మర్నాటి నుంచీ కొట్టు ముందు కూర్చుని, పళ్ళెంలో జిలేబీలు పేర్చి, ఆఫ్‌సైడ్ అంటే ఏంటో వచ్చేపోయేవాళ్ళకి క్లాసు తీసుకోవడం మొదలెట్టాడు. చెప్పడం అయ్యాక డిఫెండర్లని తినేసేవాడు.

అలా ఒక్కొక్కళ్ళే మెత్తబడ్డారు. దర్జీ మాస్టర్ నీలం రంగు జెర్సీలు కుట్టాడు. బజార్లో టీ కొట్టు బిమలా దీదీ, ఆవిడ పిల్లలంతా పెద్దవాళ్ళై ఎక్కడెక్కడో ఉన్నారు, రోజూ సాయంత్రం టీమ్ మొత్తానికీ వేడి పాలు ఇచ్చేది. మా పిల్లలు ఒక్కో మ్యాచే నెగ్గుకుంటూ నెగ్గుకుంటూ ఫైనల్ దాకా వచ్చేశారు! మా ఊరికి ఇంతవరకూ కప్పనేది ఎందులోనూ రాలేదండీ. కబడ్డీలో కూడా రాలేదు. ఇక చూస్కోండి, ఊరు ఊరంతా ఊగిపోయింది.

ఫైనల్ జనక్‌పురిలో. పెళ్ళిళ్ళకి తిప్పే బస్సొకటి మాట్లాడారు. చౌధరీ అంకుల్ కొట్టు ముందు మీటింగు పెట్టి అడిగాడు, "ఢిల్లీలో దారి ఎవరికి తెలుసు?"

నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో ఆ ప్రభువుకే తెలియాలి!

"జనక్‌పురియా? నెలనెలా వెళ్తానండీ. అక్కడ మా తెలుగువాళ్ళ ప్రార్థన ఉంటుంది. కళ్ళకి గంతలు కట్టినా తీసుకెళ్తా" అన్నాను.

పక్కనే ఉన్న మావారు నా చెవి దగ్గరికి వంగి, "సునీతా, నువ్వు వెళ్ళేది మెట్రోలో. భూమి మీద జనక్‌పురి ఎలా ఉంటుందో నీకు తెలుసా?" అన్నారు.

"మీరూరుకోండి. మగవాళ్ళకి ఆడవాళ్ళు దారి చెప్తే నచ్చదు."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

శనివారం నాకు నైట్ డ్యూటీ. మావారూ గ్రేసూ, మిగతా పిల్లల అమ్మానాన్నలూ అందరూ తెల్లారకుండానే టీమ్‌తో పాటు వ్యాన్లలో వెళ్ళిపోయారు. డ్యూటీ దిగి, యూనిఫామ్ మీదే కోటు తగిలించుకుని నేను ఊరి జనం బస్సెక్కాను. డ్రైవర్ పక్కన ముందు సీటు నాది. దారి చెప్పే సీటు! నా వెనకే ఢోలు వాయించే అతను. ఆ వెనక చౌధరీ అంకుల్, ఒళ్ళో లడ్డూల పెట్టె. బిమలా దీదీ అయితే ఏకంగా స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకొచ్చింది చప్పుడు చెయ్యడానికి.

బయట చూస్తే జనవరి పొగమంచు. అద్దం అవతల ఎవరో తెల్ల దుప్పటి కప్పేసినట్టుంది. ముందు వెళ్తున్న లారీ లైట్లు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. బస్సు పాకుతోంది. లోపల మాత్రం ఢోలు మోగిపోతోంది. "బిలాస్‌గఢీ!" అని ఒకళ్ళు, "జిందాబాద్!" అని అందరూ.

ఢిల్లీలోకి వచ్చాక పీటీ మేడమ్ ఫోన్.

"దీదీ, గ్రౌండ్ మారింది! మొదట చెప్పినచోట నీళ్ళు నిలిచాయట. డీ బ్లాక్ గ్రౌండ్‌కి రండి."

వెనకనుంచి ఢమాఢమ్ ఢమాఢమ్!

"ఏ బ్లాక్?"

"డీ! డీ!"

"బీ యా?"

"హా, డీ!"

"ఠీక్ హై, బీ!"

ఇప్పుడు మీకు చెప్పేటప్పుడు డీ అంటున్నా గానీ, అప్పుడు నా చెవిలో పడ్డది బీ. నిజం! రోజూ ల్యాబుకి ఫోన్ చేసి "బి ఫర్ బాంబే, డి ఫర్ ఢిల్లీ" అని పేషెంట్ల పేర్లు స్పెల్లింగుతో సహా చెప్పే నోరండీ ఇది. జూనియర్లని "సరిగా వినరేం?" అని కేకలేసే నోరు. ఫోన్ హ్యాండ్‌బ్యాగులో పడేసి, దర్జాగా డ్రైవర్ భయ్యాతో అన్నాను, "బీ బ్లాక్ గ్రౌండ్. పోనీండి."

అక్కడా ఇక్కడా అడుగుతూ చేరాం. గేటు లోపల విజిల్ వినపడింది. అప్పటికే మ్యాచ్ మొదలైపోయింది! అందరం బస్సులోంచి దూకి ఒకటే పరుగు. గ్రౌండు సగం దాకానే కనిపిస్తోంది, మిగతా సగం మంచు మింగేసింది. ఆ మంచులోంచి నీలం జెర్సీ వేసుకున్న ఆడపిల్లలు బయటికి వస్తున్నారు, మళ్ళీ లోపలికి పోతున్నారు. అవతల జట్టు ఎర్రజెర్సీ. చూసేవాళ్ళు ఒకరిద్దరు తప్ప ఎవరూ లేరు. మావారూ మిగతావాళ్ళూ అవతలి పక్క మంచులో ఉన్నారనుకున్నాం.

చౌధరీ అంకుల్ మండిపడ్డాడు. "చూశారా! మన పిల్లలకి చప్పట్లు కొట్టే దిక్కు లేదు! బజావో!"

ఢోలు అందుకుంది చూడండీ! బిమలా దీదీ పళ్ళెం, మా ఊరి గొంతులు, అన్నీ కలిసి మోగేసరికి ఆ బ్లాకులో ఆదివారం పడుకున్నవాళ్ళంతా బాల్కనీల్లోకి వచ్చేశారు. నీలం జెర్సీ పిల్లలు ఒక్క క్షణం ఆట ఆపి మా వైపు తిరిగారు. మమ్మల్ని చూసి ఆనందం పట్టలేకపోతున్నారనుకున్నాను. బిత్తరపోయారని తర్వాత గదా తెలిసింది!

నా కళ్ళు మాత్రం నాలుగో నంబరు జెర్సీ కోసం వెతుకుతున్నాయి. అదే మా గ్రేస్ నంబరు. దొరికింది! అదే ఒడ్డూపొడుగూ, అదే పోనీటెయిల్. ఇంక ఆగుతానా? చర్చిలో మైకు అక్కర్లేకుండా పాడే గొంతు నాది.

"గ్రేసీ! పరిగెత్తవే! ఏంటా నడక? ఏయ్, లేసు ఊడింది చూస్కో! లేసు!"

ఆ పిల్ల ఆగి, నా చేతి సైగలు చూసి, కింద చూసుకుని, బుద్ధిగా లేసు కట్టుకుంది. "చూశారా, ఇంట్లో కంటే ఇక్కడే మాట వింటోంది" అని పక్కనున్న దర్జీ మాస్టర్‌తో మురిసిపోయాను కూడా. ఒక తల్లికి అనుమానం రావడానికి ఆ ఒక్క ముక్క చాలదూ? రాలేదు!

కాసేపటికి మంచులో ఎక్కడో గోలగోల. నీలంవాళ్ళు గోల్ కొట్టారు! ఎవరు కొట్టారో ఎలా కొట్టారో కనపడలేదు గానీ మేం మాత్రం భాంగ్రా వేసేశాం. చౌధరీ అంకుల్ రిఫరీకి కూడా లడ్డూ ఇవ్వబోయాడు.

హాఫ్ టైమ్ విజిల్ పడింది. పిల్లలు ఒగురుస్తూ గీత దగ్గరికొచ్చారు. నేను బ్యాగులోంచి మంకీ క్యాప్ తీసుకుని ఉరికాను. నాలుగో నంబరు నాకు వీపు పెట్టి నీళ్ళు తాగుతోంది. వెనకనుంచే ఆ క్యాప్ తలకి లాగేసి, ఇటు తిప్పి, నోట్లో లడ్డూ కుక్కి, "చలికి చచ్చిపోతావే, చెప్తే వినవు కదా" అని చున్నీతో మొహం తుడిచాను.

తుడిస్తే... వేరే మొహం వచ్చింది!

గుండ్రటి కళ్ళు. బుగ్గ నిండా లడ్డూ. ఆ లడ్డూ చాటునుంచే ఎంతో మర్యాదగా అడిగింది, "ఆంటీ, ఆప్ కౌన్ హై?" మీరెవరట!

పక్క పిల్లని చూశాను. ఎవరో. ఇంకో పిల్లని చూశాను. ఇంకెవరో! వెనకనుంచి చౌధరీ అంకుల్ గొంతు మెల్లిగా వినిపించింది. "సిస్టర్‌జీ... యే హమారీ బచ్చియా నహీ హై." మన పిల్లలు కారట!

బ్యాగులో ఫోన్ తీసి చూస్తే తెర నిండా మావారి మిస్డ్ కాల్సే. వెంటనే నొక్కాను.

"ఎక్కడున్నావే తల్లీ?"

"గ్రౌండులోనే ఉన్నామండీ."

"ఏ గ్రౌండులో? నేనూ గ్రౌండులోనే ఉన్నాను. ఇక్కడ మీ బస్సు జాడే లేదు! పిల్లలు ఒక గోల్ కొట్టి ముందున్నారు గానీ, గ్రేస్ గేటు వంకే చూస్తోంది."

ఆదివారాలు, స్కూలు ఫంక్షన్లు ఎన్నిసార్లు డ్యూటీ అని ఎగ్గొట్టానో! ఈసారి మాత్రం తప్పకుండా వస్తానని దాని తలమీద చెయ్యేసి చెప్పాను. వచ్చి, ఎవరి పిల్లకో లడ్డూ పెడుతున్నా!

"పదండి పదండి, బస్సెక్కండి!" అని అరిచాను. అందరూ కదిలారు. అప్పుడు నా కోటు ఎవరో పట్టుకుని లాగారు. నాలుగో నంబరు.

"ఆంటీ, వెళ్ళిపోతున్నారా? మా మమ్మీకి ఇవాళ డ్యూటీ, రాలేదు. ఎవరి మమ్మీ కూడా రాలేదు." కోటు వదలకుండానే, "మాకోసం ఢోలు ఎప్పుడూ ఎవరూ కొట్టలేదు" అంది.

వాళ్ళ కోచ్, కాలేజీ పిల్లలా ఉంది పాపం, తను కూడా దగ్గరికొచ్చింది. "ఈ సీజన్‌లో మేం గోల్ కొట్టడం ఇదే మొదటిసారి మేడమ్. మీరెవరో తెలీదు గానీ, ఇంకాసేపు ఉండరా?"

బస్సు దగ్గర పంచాయితీ మొదలైంది. వెళ్ళకపోతే మన పిల్లలు. వెళ్తే ఈ పిల్లలు. డ్రైవర్ భయ్యా హారన్ కొడుతున్నాడు. చివరికి బిమలా దీదీ పళ్ళెం, గరిటె చేతపట్టుకుని గడ్డి మీద చతికిలబడింది. "మీరు పొండి. నేను ఇక్కడుంటా. లడ్డూ తినిపించి మధ్యలో వదిలేసి పోతారా ఎవరైనా?" ఆవిడతో పాటు ఇంకొంతమంది ఆడవాళ్ళూ ఉండిపోయారు. క్యాప్ ఉంచుకోమని ఆ పిల్లకి చెప్పి, ఢోలుతో సహా మేం బయల్దేరాం.

డీ బ్లాక్ ఎంత దూరమనుకున్నారు? రెండు మలుపులు! నడిచినా వెళ్ళిపోయేవాళ్ళం.

మేం వెళ్ళేసరికి సెకండ్ హాఫ్ నడుస్తోంది. మంచు కూడా విడిపోయి ఎండ వచ్చింది. ఈసారి నేను తొందరపడలేదండీ. గేటు దగ్గరే ఆగి, ఒక్కొక్క మొహమే జాగ్రత్తగా చూసుకున్నాను. అదుగో మావారు. అదుగో పీటీ మేడమ్. అదుగో గోల్ ముందు నాలుగో నంబరు, అచ్చంగా, సాక్షాత్తూ మా గ్రేస్! ఒక్కసారిగా నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

"గ్రేసీఈఈ! అమ్మ వచ్చేసిందే!"

అది విని గిరుక్కున తిరిగింది. మొహం మతాబాలా వెలిగిపోయింది. "మమ్మీ!" అని రెండు చేతులూ ఎత్తి ఊపింది.

సరిగ్గా అప్పుడే అవతలి టీమ్ పిల్ల తన్నిన బంతి మాదాని పక్కనుంచి, తాపీగా, దొర్లుకుంటూ వెళ్ళి గోల్లో పడింది.

ఒకటి ఒకటి. సమానం!

మా బస్సులోంచి దిగిన జనమంతా నా వంక చూశారు. ఢోలు అతను కర్ర పైకెత్తి అలాగే ఆగిపోయాడు. మావారు గబగబా వచ్చి, "నువ్వు రాకముందు ఇంతసేపు హాయిగా ఆడారే వీళ్ళు!" అన్నారు. నేనేదో చెప్పబోయి నోరు తెరిచాను. తెరిచిన నోట్లో చౌధరీ అంకుల్ లడ్డూ పెట్టేశాడు. మింగగానే ఇంకోటి. "సిస్టర్‌జీ, మ్యాచ్ అయ్యేదాకా మీరు తింటూనే ఉండాలి" అన్నాడు. కుస్తీ పట్టిన చెయ్యండీ అది, కాదనడానికి లేదు.

అలా లడ్డూ బుగ్గన పెట్టుకుని, మాట లేకుండా, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను. గ్రేస్ ఇంక నా వైపు చూడనే లేదు. పళ్ళు బిగించి ఆడుతోంది. అవతలివాళ్ళు మళ్ళీ దూసుకొచ్చారు. ఈసారి మాది అడ్డంగా జారి, బురదలో పొర్లి, బంతిని లాగేసుకుంది. లేచి ఒక్క తన్ను తన్నింది చూడండీ! ఆ బంతి గ్రౌండు సగం దాటి వెళ్ళి మా కెప్టెన్ పిల్ల కాళ్ళ ముందు పడింది. ఆ పిల్ల పరుగో పరుగు. నేను లడ్డూ మింగడం మర్చిపోయాను. గోల్!

విజిల్ పడేసరికి చౌధరీ అంకుల్ మీసాల మీంచి కన్నీళ్ళు కారుతున్నాయి. మంచు వల్లన్నాడు. ఎండ కాస్తుంటే!

పిల్లలు కప్పు పట్టుకుని ఫోటో దిగుతుంటే, గేట్లోంచి పళ్ళెం చప్పుడు వినిపించింది. చూస్తే బిమలా దీదీ! ఆవిడ వెనక బీ బ్లాకు పిల్లలు మొత్తం, గెంతుతూ. వాళ్ళూ నెగ్గేశారట! రెండు టీములూ నీలమే, అందరి మొహాల నిండా బురదే. ఇంక ఎవరు మావాళ్ళో ఎవరు వాళ్ళ వాళ్ళో తేల్చుకోకుండా చౌధరీ అంకుల్ అందరి నోట్లోనూ లడ్డూలు కుక్కేశాడు.

గ్రేస్ దగ్గరికి భయంభయంగా వెళ్ళాను. "సారీ రా తల్లీ. దారి తప్పాను. వచ్చాక కూడా..." అని మొదలెట్టాను.

అది బురద చేతులు నా కోటు లోపలికి దూర్చి నన్ను వాటేసుకుంది. "మమ్మీ, తుమ్ ఆయీ నా. బస్!" నువ్వొచ్చావుగా, చాలంది. నా తెల్ల యూనిఫామ్ మీద ఆ చేతుల ముద్రలు ఇంకా ఉన్నాయి, ఉతికితే పోలేదు, నేనూ గట్టిగా ఉతకలేదులెండి.

ఇక్కడితో అయిపోయుంటే నా కథ ఎంత బావుండేది! తిరుగు ప్రయాణంలో చౌధరీ అంకుల్ బస్సులో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, వచ్చే టోర్నమెంటు గురించి ప్లాన్ చెప్పాడు.

"సిస్టర్‌జీ ఎవరో తెలియని పిల్లల కోసం అరిస్తే, ఎన్నడూ గోల్ కొట్టనివాళ్ళు మ్యాచ్ నెగ్గారు. మన పిల్లల కోసం అరిస్తే, మనకి గోల్ పడింది. కాబట్టి వచ్చే మ్యాచ్‌కి ఆవిడని అవతలి టీమ్ వైపు కూర్చోబెట్టి, వాళ్ళ డిఫెండర్ పేరు పెట్టి పిలిపిద్దాం."

బస్సంతా చప్పట్లు! నేను పౌరుషంగా కిటికీ వైపు తిరిగాను. వ్యాను వదిలి నాతో బస్సెక్కిన గ్రేస్ నా భుజం మీద తల పెట్టుకుని, నిద్రమత్తులో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చక్కగా, స్పష్టంగా, తెలుగులో అంది.

"అమ్మా, పేరు మాత్రం సరిగ్గా విను."